ఆట మొదలైన కాసేపటికి తెర నల్లబడుతోంది: ఒక గేమింగ్ కంప్యూటర్ కేసు

తిరుపతిలో కంప్యూటర్ మరమ్మతు పని చేస్తుంటాను. ఇప్పుడు రాస్తున్నది 2023 వేసవిలో నా దగ్గరికి వచ్చిన కేసు. ఇందులో నేను ఒకసారి తప్పు నిర్ధారణ చేశాను, రెండోసారి తప్పు చేసే అంచు దాకా వెళ్లాను. రెండుసార్లూ నా చేతిలో కొలతలు ఉన్నాయి, అవి అబద్ధం చెప్పలేదు. అయినా దారి ఎలా తప్పానో ఈ పనిలో ఉన్నవారికి చెప్పాలనిపించింది. ఆ కుటుంబాన్ని అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. వారి పేర్లు, ఉండే వీధి, భాగాలు తయారుచేసిన కంపెనీలు చెప్పడం లేదు. కేసు అర్థం కావడానికి గ్రాఫిక్స్ చిప్పు పేరు మాత్రం తప్పడం లేదు.

నేపథ్యం

కంప్యూటర్ ఒక ఇంజనీరింగ్ విద్యార్థిది. రెండేళ్ల కిందట విడిభాగాలు కొని కూర్పించుకున్నాడు. అప్పట్లో అందులో ఉన్నది జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీద బొమ్మ తయారుచేసే భాగం. దానికి 125 వాట్లు చాలు, ఒక్క 8 పిన్నుల ప్లగ్గుతో నడుస్తుంది. రెండేళ్లలో ఒక్క ఇబ్బంది కూడా రాలేదు.

2023 జనవరిలో ఆ కార్డు అమ్మేసి, ఎవరో వాడిన ఆర్టీఎక్స్ 3080 కొన్నాడు. ఇది 320 వాట్ల కార్డు, రెండు 8 పిన్నుల ప్లగ్గులు కావాలి. దీనికి 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) ఉండాలని చిప్పు తయారీదారు సిఫారసు. అతని దగ్గర ఉన్నది సరిగ్గా 750 వాట్లదే. కాగితం మీద అన్నీ సరిపోయాయి.

సెకండ్ హ్యాండ్ కార్డు అనగానే ఈ వృత్తిలో ఉన్నవారికి ఒక అనుమానం రాకమానదు. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్, అంటే గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి ఆ డిజిటల్ కరెన్సీ సంపాదించే పని, ఆగిపోయింది. అంతకుముందు నెలల తరబడి రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు గుంపులుగా అమ్మకానికి వచ్చాయి. 3080లో ఉండే జీడీడీఆర్6ఎక్స్ మెమరీ మామూలుగానే బాగా వేడెక్కుతుంది. మైనింగ్‌లో ఆ మెమరీ మీదే భారం పడుతుంది కాబట్టి, దాని మీద అతికించిన థర్మల్ ప్యాడ్లు (వేడిని లాగి బయటికి పంపే మెత్తని పట్టీలు) ఎండి గట్టిపడతాయి. ఈ జ్ఞానం నిజమే. కానీ ఈ కేసులో నన్ను మొదట పక్కదారి పట్టించింది కూడా ఇదే.

వచ్చిన సమస్య

జనవరి, ఫిబ్రవరి నెలల్లో కార్డు బాగా పనిచేసింది. మార్చి మధ్య నుంచి, ఆట మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకో నలభై నిమిషాలకో తెర ఒక్కసారిగా నల్లబడి, మానిటర్‌లో సిగ్నల్ లేదని రాసేది. బ్రౌజర్, సినిమా, కాలేజీ ప్రాజెక్టు పని, ఇవి గంటలకొద్దీ చేసినా ఏమీ కాదు.

నా దగ్గరికి వచ్చేలోపు అతను ఊరికే కూర్చోలేదు. విండోస్ రెండుసార్లు ఫార్మాట్ చేశాడు. కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను సేఫ్ మోడ్‌లో పూర్తిగా తుడిచి మళ్లీ వేశాడు. మానిటర్ కేబుల్ మార్చాడు, స్నేహితుడి మానిటర్ తెచ్చి పెట్టి చూశాడు. ఒక దుకాణంలో చిప్పు ఊడదీసి మళ్లీ అతికించాలన్నారు. ఆ పని మీద వాళ్లు చెప్పిన ఖర్చు విని అక్కడి నుంచి వచ్చేశాడు.

తెర నల్లబడిందని ఎవరైనా చెప్పినప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: ఆరిపోయింది తెరా, కంప్యూటరా? రెండూ వేర్వేరు రోగాలు. మొత్తం కంప్యూటర్ టక్కున ఆగిపోతే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుందని అనుకోవచ్చు. దానంతట అదే మళ్లీ మొదలైతే ఇంకో దారి. కంప్యూటర్ నడుస్తూనే బొమ్మ మాత్రం పోతే గ్రాఫిక్స్ కార్డు, దాని కేబుల్, మానిటర్, ఈ మూడింటి వైపు చూడాలి.

అతను కొంచెం ఆలోచించి చెప్పాడు: "అన్నా, తెర పోయాక కూడా హెడ్‌ఫోన్‌లో స్నేహితుడి మాట వినిపించింది. 'నువ్వు మాట్లాడేది వింటున్నాం, నీ బొమ్మ ఎందుకు కదలడం లేదు?' అని అడిగాడు. అదే సమయంలో కార్డు ఫ్యాన్లు జెట్ విమానంలా అరిచాయి."

ఈ రెండు మాటలతో సగం పని అయిపోయింది. మాట వెళ్తోందంటే ప్రాసెసర్, ర్యామ్, నెట్‌వర్క్ బతికే ఉన్నాయి. ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరిగాయంటే కార్డు తన మీద తాను అదుపు కోల్పోయింది. మానిటర్ కేబుల్ పాడైతే కార్డు ఫ్యాన్లకు ఆ సంగతే తెలియదు కాబట్టి మానిటర్‌నూ కేబుల్‌నూ పక్కన పెట్టేశాను. డ్రైవర్ తప్పయితే కార్డు జవాబు కోసం విండోస్ రెండు సెకన్లు చూసి, డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. చాలాసార్లు బొమ్మ తిరిగి వస్తుంది. ఇక్కడ ఒక్కసారి కూడా రాలేదు. కార్డు మొత్తంగా మదర్‌బోర్డుతో సంబంధం తెంచుకుంటోంది.

విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే నమోదు ప్రతి సంఘటనకూ ఉంది. అది చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని తేల్చేసేవారిని చాలామందిని చూశాను. 41 అంటే కిందటిసారి కంప్యూటర్ సక్రమంగా మూతపడలేదని మాత్రమే అర్థం. తెర పోయాక ఈ అబ్బాయి బటన్ నొక్కి పట్టుకుని ఆపుతున్నాడు, మళ్లీ వెలిగించినప్పుడు విండోస్ ఆ మాట రాసుకుంటోంది. అంటే అది రోగం తర్వాత వచ్చిన గుర్తు. దానికి కొన్ని క్షణాల ముందు గ్రాఫిక్స్ డ్రైవర్ పేరుతో ఉన్న ఎర్ర గుర్తే అసలు సంఘటన సమయం. ఆ సమయాలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను, తర్వాత పనికొచ్చాయి.

మొదటి నిర్ధారణ: వేడి

క్యాబినెట్ బల్ల మీద పెట్టి, పక్క అద్దం తీసి, దుమ్ము ఊది శుభ్రం చేశాను. ఇది ఎవరూ ఆలోచించకుండా చేసే పని. లోపల చూడాలంటే అద్దం తీయాలి కదా. ఆ ఒక్క చర్యతో నేనేం చేశానో నాకు తెలియడానికి పది రోజులు పట్టింది.

కార్డు మీద పూర్తి భారం వేసి పరీక్షించే ఫర్‌మార్క్ అనే ప్రోగ్రాం నలభై నిమిషాలు నడిపాను. తర్వాత అతను ఆడే ఆటనే రెండు గంటలు నడిపాను. తెర పోలేదు. కానీ మెమరీ ఉష్ణోగ్రత 104 డిగ్రీలు చూపింది. ఆ రకం మెమరీ 110 దగ్గర తన వేగం తాను తగ్గించుకుంటుంది. బల్ల మీద, అద్దం లేకుండా, ఫ్యాన్ కింద 104 ఉంటే, ఇంట్లో మూసిన క్యాబినెట్‌లో పరిమితి దాటడం ఖాయం అనుకున్నాను. పైగా సమస్య మార్చిలో మొదలైంది. తిరుపతిలో మార్చి మధ్య నుంచే ఎండ ముదురుతుంది. అతని గదికి పైన డాబా, పడమటి గోడ. వాడిన కార్డు, ఎండాకాలం, 104 డిగ్రీలు. మూడూ ఒకే వైపు వేలు చూపించాయి.

కార్డు విప్పి చూస్తే ప్యాడ్లు నిజంగానే పెళుసుబారి ఉన్నాయి. సరైన మందం ఉన్నవి తెప్పించి మార్చాను, చిప్పు మీద పేస్టు కొత్తగా వేశాను. మెమరీ ఉష్ణోగ్రత 90కి దిగింది. పద్నాలుగు డిగ్రీలు తగ్గడం మామూలు సంగతి కాదు. సంతృప్తిగా అద్దం బిగించి ఇచ్చాను.

అదే రాత్రి పదకొండుకు ఫోన్ వచ్చింది. తెర పోయింది.

నేను కనిపెట్టిన లోపం నిజమైన లోపమే, చేసిన మరమ్మతు అవసరమైనదే. ఆ లోపానికీ వచ్చిన ఫిర్యాదుకూ సంబంధం ఉందని మాత్రం నేను నిరూపించలేదు. కొలత బాగుపడింది కదా అని రోగం తగ్గిందనుకున్నాను. సంబంధం తేల్చుకోవాలంటే, ప్యాడ్లు మార్చకముందే ఆ తెర పోవడం నా కళ్లతో నేను చూసి ఉండాలి. నా బల్ల మీద ఒక్కసారి కూడా పోని తెరను బాగుచేశానని ఇచ్చాను.

ఇంటికి వెళ్లి చూడటం

దుకాణంలో రాని సమస్య ఇంట్లో వస్తోందంటే, ఇంట్లో ఉండి దుకాణంలో లేనిదేదో ఉంది. అందుకని మర్నాడు మీటరు, నా దగ్గరున్న 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పట్టుకుని వెళ్లాను.

తండ్రి మొదట కరెంటు మీదే అనుమానపడ్డారు. "బాబూ, ఇన్వర్టర్ పెట్టించినప్పటి నుంచే ఇది మొదలైందేమో" అన్నారు. అనుమానం అర్థవంతమైనదే కాబట్టి చూశాను. ప్లగ్గులో 228 వోల్టులు, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు వోల్టుల లోపు. ఆట నడుస్తున్నప్పుడు కూడా పెద్దగా కదల్లేదు. పైగా ఆ గది ప్లగ్గు ఇన్వర్టర్ లైనులోనే లేదు. దాన్ని అక్కడితో వదిలేశాను.

ఇక మిగిలింది ఎస్‌ఎంపీఎస్. 3080 లాంటి కార్డులు సగటున 320 వాట్లే తీసుకున్నా, మిల్లీసెకన్ల పాటు అంతకు చాలా ఎక్కువ లాగుతాయి. పాత ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని ఆ కుదుపులకు తట్టుకోలేవు. ఫర్‌మార్క్ భారం నిలకడగా ఉంటుంది, ఆట భారం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ఫర్‌మార్క్ నెగ్గడం దీనికి జవాబు కాదు. నా 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను క్యాబినెట్ పక్కనే బల్ల మీద పెట్టి, దాని కేబుళ్లను పక్క నుంచి లోపలికి తీసుకుని కలిపాను. అబ్బాయి మూడు గంటలు ఆడాడు. తెర పోలేదు.

ఎస్‌ఎంపీఎస్ మార్చండి అనే మాట నోటి దాకా వచ్చింది. ఇంట్లోవారు కూడా ఒప్పుకునేవారే. నన్ను ఆపింది ముందురోజు రాత్రి నమోదైన పట్టిక.

కంప్యూటర్ తిరిగి ఇచ్చేటప్పుడు అలవాటు ప్రకారం హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే కొలతల ప్రోగ్రాం పెట్టి, అరసెకనుకొకసారి కొలతలు ఫైలులోకి రాసేలా ఉంచాను. 3080 కార్డులు తమ 8 పిన్నుల ప్లగ్గు దగ్గర ఎంత వోల్టేజీ అందుతోందో చెబుతాయి. బోర్డు తనకందే 12 వోల్టుల సంగతి తాను చెబుతుంది. తెర పోయిన సమయానికి ముందు వరుసలు తీసి చూశాను. బోర్డు దగ్గర అంకె కదల్లేదు. కార్డు ప్లగ్గు దగ్గర మాత్రం ఆట మొదట్లో 11.6 ఉన్నది, మెల్లగా జారుతూ చివరి వరుసలో 11.4కి వచ్చింది. 12 వోల్టుల సరఫరా ఐదు శాతం వరకే అటూ ఇటూ కదలవచ్చని, అప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు పాటించే ఏటీఎక్స్ ప్రమాణం. 11.40 దాని అడుగు.

బోర్డు చూపే అంకెను అక్షరాలా నమ్మకూడదు, పదో వంతు తేడా మామూలే. కానీ ఆ అంకె కదిలిందా లేదా అన్నది నమ్మవచ్చు. ఆ ఎస్‌ఎంపీఎస్‌లో 12 వోల్టులన్నీ ఒకే మూలం నుంచి వస్తాయి. మూలమే నీరసిస్తే బోర్డుకూ కార్డుకూ రెండిటికీ తగ్గాలి. ఒకదానికి తగ్గి ఇంకొకదానికి తగ్గలేదంటే ఎస్‌ఎంపీఎస్ బాగానే ఇస్తోంది, దారిలో పోతోంది. దారి అంటే కేబుల్.

అప్పుడు నేను చేసిన పరీక్షను మళ్లీ చూసుకున్నాను. ఎస్‌ఎంపీఎస్ మార్చానని అనుకున్నాను. కానీ దాంతో పాటు కేబుల్ కూడా మారింది, పక్క నుంచి తీగలు తీసుకోవడం కోసం అద్దం కూడా తీసేశాను. ఒక్క పరీక్షలో మూడు మార్పులు. తెర నిలిచింది ఆ మూడింట్లో దేనివల్లో చెప్పే హక్కు నాకు లేదు.

ఒక్కొక్కటే విడదీయడం

పాత ఎస్‌ఎంపీఎస్, పాత కేబుల్ తిరిగి పెట్టి, అద్దం లేకుండా ఆడించాను. మూడు గంటలు గడిచినా తెర పోలేదు. అద్దం బిగించాను. ఇరవై ఆరో నిమిషంలో పోయింది. ఈ కేసులో తెర పోవడం నేను కళ్లారా చూడటం అదే మొదటిసారి.

అంటే అద్దానికి సంబంధం ఉంది. అద్దం మూస్తే ఏమవుతుంది? లోపల వేడి పెరుగుతుంది. ఇక్కడ మళ్లీ వేడి వైపే మనసు లాగింది. కానీ అద్దం ఇంకో పని కూడా చేయగలదు. అద్దం బిగించి ఉండగా టార్చి వేసి ఏటవాలుగా చూశాను. 3080 కార్డు పాతదానికంటే వెడల్పు. దాని అంచు మీద నిలువుగా గుచ్చిన ప్లగ్గుల నుంచి తీగలు అద్దం వైపు పొడుచుకు వచ్చి, అద్దానికి ఆనుకుని, చటుక్కున కిందికి మడత పడి ఉన్నాయి. నల్ల తీగల కట్ట అద్దానికి ఒత్తుకున్న చోట, నూనె చేయి తగిలినట్టు ఒక మసక గీత పడింది. పాత కార్డు వెడల్పు తక్కువ కాబట్టి దాని తీగలు అద్దాన్ని తాకేవి కావు.

వేడా, ఒత్తిడా? రెండింటినీ విడదీయడానికి అద్దం స్థానంలో అట్టపెట్టె ముక్క కోసి, టేపుతో నాలుగు వైపులా అతికించాను. తీగలున్న చోట అట్టను బయటికి ఉబ్బెత్తుగా మడిచాను. గాలి ఆడదు, వేడి నిలుస్తుంది, తీగల మీద మాత్రం ఏదీ ఆనదు. లోపలి ఉష్ణోగ్రతలు అద్దం ఉన్నప్పటి కంటే రెండు డిగ్రీలు ఎక్కువే వచ్చాయి. గంటన్నర ఆడినా తెర పోలేదు.

వేడి కాదని తేలిపోయింది.

తర్వాత అట్ట తీసేసి, ఆట నడుస్తుండగా ఐస్‌క్రీం పుల్లతో ప్లగ్గు దగ్గర తీగల కట్టను అద్దం ఎంత నొక్కుతుందో అంత మెల్లగా లోపలికి నొక్కాను. అబ్బాయి అంకెలు చదువుతున్నాడు. "పదకొండున్నర... పదకొండు పాయింట్ మూడు..." రెండో అంకె పూర్తిగా పలికేలోపే తెర నల్లబడింది, ఫ్యాన్లు అరిచాయి. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అతను రెండు నెలలుగా వెతుకుతున్నది ఒక పుల్ల కొన మీద దొరికింది.

కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసేసి, కాసేపు ఆగి కనెక్టరు లాగాను. ఇలాంటి ప్లగ్గు ఊడాలంటే కాస్త బలం పెట్టాలి. ఇది పట్టు లేకుండా వచ్చేసింది. భూతద్దం కింద పెట్టి చూస్తే 12 వోల్టుల మూడు రంధ్రాలలో ఒకదాని చుట్టూ ప్లాస్టిక్ టీ డికాక్షన్ రంగుకు మారింది. లోపలి రేకు టెర్మినల్ పక్కవాటిలా పిన్నును పట్టుకునేలా ముడుచుకుని లేదు, నోరు తెరుచుకుని ఉంది. కార్డు వైపు పిన్ను కరగలేదు, మెరుపు మాత్రం తగ్గింది.

ఎందుకు జరిగింది

ఆ కేబుల్ ఒకటే తీగకట్ట, చివర రెండు ప్లగ్గులు ఉన్న రకం. ఎస్‌ఎంపీఎస్ నుంచి మొదటి ప్లగ్గు దాకా ఒక కట్ట వస్తుంది, అక్కడి నుంచి జానెడు పొట్టి తీగలతో రెండో ప్లగ్గుకు సాగుతుంది. కార్డుకు రెండు ప్లగ్గులు కావాలి, ఈ కేబుల్‌కు రెండు ఉన్నాయి కాబట్టి అబ్బాయి వాటినే గుచ్చాడు. అది అతని తప్పు అనను. ప్లగ్గు పట్టింది, కార్డు వెలిగింది.

లెక్క చూడండి. కార్డుకు కావలసిన 320 వాట్లలో మదర్‌బోర్డు స్లాటు ఇవ్వగలిగేది గరిష్ఠంగా 75. మిగిలిన దాదాపు 250 వాట్లు కేబుల్ మీదుగా రావాలి. 12 వోల్టుల దగ్గర అది సుమారు 21 యాంపియర్లు. 8 పిన్నుల ప్లగ్గులో 12 వోల్టులు తెచ్చే తీగలు మూడే, మిగిలినవి గ్రౌండు, సెన్సు పిన్నులు. ఒకే కట్ట మీద తెస్తే ఒక్కో తీగ మీద ఏడు యాంపియర్లు. వేర్వేరు కేబుళ్లు రెండు వాడితే మూడున్నర. కరెంటు సగమైతే అతుకు దగ్గర పుట్టే వేడి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది.

మంచి అతుకులున్నంత కాలం ఒకే కట్ట కూడా ఏదోలా నెట్టుకొచ్చేది. జనవరి, ఫిబ్రవరిలో నెట్టుకొచ్చింది కూడా. కానీ అద్దం రోజంతా మొదటి ప్లగ్గును ఒక పక్కకు వంచి ఉంచింది. వంగిన చోట టెర్మినల్ పట్టు తగ్గింది, పట్టు తగ్గిన చోట నిరోధం పెరిగి వేడెక్కింది, వేడికి రేకు బిగువు ఇంకా సడలింది. ఇది వారాల మీద జరిగే పని. మార్చిలో ఎండలు మొదలవడం, ఈ టెర్మినల్ ఓపిక అయిపోవడం ఒకే సమయంలో జరిగాయి. నేను ఎండనే నిందించాను.

తర్వాత మల్టీమీటరుతో కూడా చూశాను. అద్దం లేకుండా, ఆట నడుస్తుండగా బోర్డు కనెక్టరు వెనక 12.02, కార్డు ప్లగ్గు వెనక 11.55. తేడా 0.47 వోల్టు. దాన్ని 21 యాంపియర్లతో గుణిస్తే దాదాపు పది వాట్లు. కొంత తీగ పొడవునా పోతుంది, మిగతాది వేలిగోరంత ప్లగ్గులో. ప్లాస్టిక్ రంగు మారడంలో ఆశ్చర్యం లేదు.

ఏం చేశాం

ఆ కేబుల్‌ను మళ్లీ వాడకూడదు. ఆ రాత్రికి కార్డు తీసి పక్కన పెట్టి, ప్రాసెసర్‌లోనే ఉండే బొమ్మ సదుపాయంతో నడుపుకోమందామంటే ఆ ప్రాసెసర్‌లో అది లేదు. అందుకని నా ఎస్‌ఎంపీఎస్‌నే దాని సొంత కేబుళ్లతో అక్కడ వదిలి వచ్చాను.

కేబుల్ ఎక్కడ కొనాలన్నది తర్వాతి ప్రశ్న. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పిద్దామా అని అబ్బాయి అడిగాడు. కార్డు వైపు ప్లగ్గులు అన్ని కంపెనీలకూ ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం ఏ పిన్నులో ఏముండాలో కంపెనీకొక తీరు. ప్లగ్గు చక్కగా దూరుతుంది, కానీ 12 వోల్టులు రావలసిన చోటికి గ్రౌండు రావచ్చు. ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టి హార్డ్‌డిస్క్ కాల్చుకున్నవారు నా దగ్గరికి వచ్చారు. ఏళ్ల ఫోటోలు పోగొట్టుకున్నవారికి చెప్పే మాట ఉండదు. అందుకే అదే కంపెనీ, అదే మోడల్‌కు చెందిన కేబుల్ తప్ప ఇంకేదీ వద్దన్నాను.

ఈ మాటలు వింటున్న తండ్రి లేచి స్టూలు వేసుకుని అటక మీద చేయి పెట్టారు. ఎస్‌ఎంపీఎస్ అట్టపెట్టె దించారు. వారంటీ కోసమని రెండేళ్లుగా దాచారట. లోపల నల్ల సంచిలో, ప్లాస్టిక్ తాడు కూడా విప్పకుండా, ఇంకో గ్రాఫిక్స్ కేబుల్ ఉంది. "బాబూ, ఇది పనికి వస్తుందా?" అన్నారు.

ఒకటి దొరికింది, పాతది పోయింది, రెండు కావాలి. ఎస్‌ఎంపీఎస్ వారంటీ ఇంకా ఉంది కాబట్టి ఆ మోడల్ కేబుల్ ఇంకొకటి కంపెనీ నుంచి తెప్పించాం. వచ్చేదాకా నా ఎస్‌ఎంపీఎస్ అక్కడే ఉంది. రెండూ వచ్చాక ఒక్కో కేబుల్ మొదటి ప్లగ్గు మాత్రమే కార్డుకు పెట్టి, వేలాడే రెండో ప్లగ్గులను వెనక్కి కట్టేశాను.

కేబుల్ మారినా అద్దం అక్కడే ఉంది. దాన్ని అలాగే వదిలితే కొత్త ప్లగ్గుల గతీ అంతే. తొంభై డిగ్రీలు తిప్పే చిన్న అడాప్టర్లు దొరుకుతాయి. అవి పెడితే దారిలో ఇంకో అతుకు చేరుతుంది. అతుకు వల్ల వచ్చిన రోగానికి ఇంకో అతుకు మందుగా వేయడం నాకు ఇష్టం లేదు. వెడల్పు క్యాబినెట్ కొనమనవచ్చు, కానీ ఆ ఇంటి ఖర్చులు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. అద్దం నాలుగు మూలల మరలతో బిగించే రకం కాబట్టి, బోల్టుల దుకాణంలో పొడుగు మరలు, 15 మిల్లీమీటర్ల నైలాన్ గొట్టాలు తెచ్చి అద్దాన్ని అంత బయటికి జరిపాను. చుట్టూ తెరుచుకున్న సందుకు కిటికీ దోమతెర పట్టీ అతికించాను. తీగలకూ అద్దానికీ మధ్య ఇప్పుడు వేలు దూరుతుంది.

ఆట నడుస్తుండగా కార్డు ప్లగ్గు దగ్గర 11.9 వోల్టులు. నాలుగు గంటలు ఆడినా ఆ అంకె కదల్లేదు, తెర నల్లబడలేదు. ప్యాడ్ల ఖరీదు మాత్రం ఉంచుకుని, మొదట తీసుకున్న కూలి తిరిగి ఇచ్చాను. ప్యాడ్లు నిజంగా పోయి ఉన్నాయి, వాటి డబ్బు న్యాయమే. బాగుచేశానన్న మాటకు తీసుకున్న డబ్బు న్యాయం కాదు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

వచ్చిన కంప్యూటర్‌ను ఇప్పుడు వచ్చినట్టే పరీక్షిస్తున్నాను. దుమ్ము తుడవను, అద్దం తీయను, తీగ కదిలించను. ఇంట్లో ఉన్నట్టే నిలబెట్టి, మూసి ఉండగానే ఫిర్యాదు నా కళ్ల ముందు జరగనిస్తాను. జరగకపోతే, నా బల్లకూ ఆ ఇంటికీ ఏమి తేడా అని ఆలోచిస్తాను, అంతేగానీ కనిపించిన మొదటి లోపాన్ని పట్టుకుని విప్పడం మొదలుపెట్టను. శుభ్రం చేయడం కూడా ఒక మార్పేనని, సాక్ష్యం చెరిపే మార్పని ఇదివరకు నేను ఆలోచించలేదు.

ప్రతి పరీక్షకూ పుస్తకంలో ఒక వరుస రాస్తాను: ఏమి మార్చాలనుకున్నాను, నిజంగా ఏమేమి మారాయి. ఈ రెండో గడి నింపేటప్పుడు చాలాసార్లు చేయి ఆగిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చితే కేబుల్ మారుతుంది. ర్యామ్ తీసి పెడితే దాని పిన్నులు రాసుకుని శుభ్రపడతాయి. కార్డు ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూస్తే స్లాటు, ఎస్‌ఎంపీఎస్, గాలి, డ్రైవర్ అన్నీ మారతాయి.

పెద్ద కార్డు కొనేవారికి పొడవు పడుతుందా అని మాత్రమే చూసి అమ్మేస్తారు. కార్డు అంచు నుంచి అద్దం దాకా ఎంత ఖాళీ ఉందో కూడా కొలవాలి. 2022 నుంచి కొత్త కార్డుల్లో వస్తున్న 16 పిన్నుల ప్లగ్గు ఒక్కదాని మీదే 600 వాట్ల దాకా తేవచ్చు. దాని తీగను ప్లగ్గు నుంచి 35 మిల్లీమీటర్ల లోపు వంచవద్దని కేబుళ్లు తయారుచేసేవారు చెబుతున్నారు. ఆ దూరాలు కొలవడానికి ఒక స్కేలు ఇప్పుడు నా బల్ల మీదే ఉంటుంది.

మూడు నెలల తర్వాత వాళ్లింటి వైపు వెళ్లినప్పుడు ఆగి, రెండు ప్లగ్గులూ ఊడదీసి చూశాను. రెండూ బిగువుగానే వచ్చాయి, టెర్మినళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. పాత కేబుల్ అబ్బాయి నాకే ఇచ్చేశాడు. దాని మొదటి ప్లగ్గును సగానికి కోసి, రంగు మారిన టెర్మినల్ కనిపించేలా అట్ట మీద అతికించి, పక్కనే ఒక మంచి ప్లగ్గు కోత కూడా పెట్టాను. దుకాణంలో పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటి రోజు మల్టీమీటరు ఇచ్చేముందు ఆ అట్ట చేతికిస్తున్నాను.